ఎర్ర సిరా నంబర్లు

మా అమ్మ చెప్పే కథల్లో వీరుడికి కత్తి ఉండదు. ఒక బక్కవాడు రాక్షసుడి ఎదురుగా కొబ్బరిబోండం కొట్టుకుని తాగుతూ, ఇది నిన్న దొరికిన రాక్షసుడి తలకాయ, నీది రేపటికి అంటాడు. అంతే, రాక్షసుడు పరుగో పరుగు. అబద్ధం కదా అని నేను పేచీ పెడితే, "వాణ్ణి మనుషుల్ని తినడం మానెయ్యమను, వీడూ అబద్ధాలు మానేస్తాడు" అనేది. నాకు నచ్చేది కాదు. టీచరునయ్యాక ఆ కథ బడిలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

రెండేళ్ల కిందట ఉప్పలగుప్తం దగ్గర, మా అరెకరం వరిచేను పక్కన ఒక పెద్దమనిషి రొయ్యల చెరువు తవ్వించాడు. అందులోని ఉప్పునీళ్లు మా చేలోకి నీరు పారే బోదెలోకి వదిలేవాడు. ఆకుమడిలో నారు కొసలు మాడిపోయాయి. ఇంకోసారి వదిలితే ఆ ఏడు ఊడ్పులు లేనట్టే. మండలాఫీసులో మూడు అర్జీలిచ్చాను. చూస్తామన్నారు, ఎవరూ రాలేదు. ఒళ్లు మండిపోయింది.

అమ్మ మాత్రం ఆరు ఖాళీ దగ్గుమందు సీసాలు కడిగి, బోదె నీళ్లు నింపి, మూతల మీద కొవ్వొత్తి మైనం కార్చింది. ఒక్కోదానికీ చీటీ కట్టి, నా ఎర్ర సిరాతో నంబరూ తేదీ వెయ్యమంది. ఎక్కడికి పంపుతావంటే ఎక్కడికీ పంపనంది. వాటిని వీధరుగు మీద వరసగా పెట్టి, అడిగినవాళ్లకి ఏమీ చెప్పకుండా ఊరుకుంది.

మూడో రోజున చెరువు ఆసామి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ కావాలనే లోపలికి వెళ్లిపోయింది.

"ఇయ్యి ఎక్కడికి పంపుతున్నారండీ టీచరుగారూ?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

నిజం చెప్పి మూడు అర్జీలు రాసినదాన్ని. ఇంక చాలనిపించింది.

"పంపాల్సినవి ఎప్పుడో పంపేసేమండీ. ఇవి జడ్జిగారు అడిగితే చూపించడానికండీ."

ఆయన సీసాల వంక ఓసారి చూసి, "ఆయ్" అని లేచాడు. మర్నాటికి మా వైపు తూము మట్టితో కప్పించేశాడు. మేం మళ్లీ నారు పోసి, ఆలస్యంగానైనా ఊడ్చాం. నేనాడింది పచ్చి అబద్ధం. దానికి సిగ్గుపడను.

వారం తిరక్కుండా, చెరువుల పక్కనే చేలున్న రైతులు ముగ్గురు సంచీ నిండా సీసాలు తెచ్చారు. మా నీళ్లు ఏ పరీక్షకీ వెళ్లలేదని, అంతా ఉత్తుత్తిదేనని వాళ్లకి ఉన్నమాట చెప్పేశాను. వాళ్లలో పెద్దాయన సంచీ అరుగు మీద పెట్టాడు.

"తెలుసండీ. మీరు నంబర్లు వేసిపెట్టండి చాలు."

ఏడు నుంచి మొదలుపెట్టాను.