బోనమెత్తినవాళ్ల పేరు

పసుపు నీళ్లలో వేపాకు నలిపితే వచ్చే వాసన నాకు మొదటినుంచీ పడదు. ఈ ఉదయం ఇత్తడి చెంబులో ఆ రెండూ కలుపుతుంటే కిటికీలోంచి జవహర్‌నగర్ చెత్త డంపు కంపు కూడా వచ్చి తోడైంది. శ్రావణం గాలి ఇటు తిరిగితే చాలు, కాలనీలో అందరం తిట్టుకుంటూ తలుపులు మూసుకుంటాం. మూద్దామని లేచాను, చెంబు చేతిలోనే ఉంది, మా అత్తమ్మ గుర్తొచ్చింది. ప్రేమగా గుర్తొచ్చిందనుకునేరు. ముందు ఒళ్లు మండింది. మిగతావన్నీ ఆ తర్వాతే వచ్చాయి.

ఆమె పేరు మల్లమ్మ. ఊరు లాల్‌గడి మలక్‌పేట్. కొద్దిపాటి పొలం, ఒక బోరు, రెండు బర్రెలు, ఇద్దరు పిల్లలు. పెద్దది రావల్కోల్‌లో ఇచ్చిన మా ఆడబిడ్డ యాదమ్మ, చిన్నవాడు మా ఆయన. ఏటా శ్రావణంలో ఒక ఆదివారం ఊళ్లో పోచమ్మకు బోనాలు చేస్తారు. చుట్టాలందరూ దిగుతారు, యాట కోస్తారు, డప్పులు మోగుతాయి. బోనం గుడి ముందుకు చేరాక ఇంటి పెద్దావిడ పసుపు వేపాకు నీళ్లు ధారగా పోస్తూ, మావాళ్లను చల్లగా చూడమని అమ్మవారిని వేడుకుంటుంది. అదే సాక పోయడం. ఏ ఇంటివాళ్లకైనా రెండు నిమిషాల పని. మా అత్తమ్మకు మాత్రం తక్కువలో తక్కువ అరగంట పట్టేది. అంతసేపూ ఆ బోనం కుండ నా నెత్తిమీద ఉండేది.

కొత్త కోడలిగా వెళ్లిన మొదటి ఏడు నాకీ సంగతి తెలియదు. కోడి కూయకముందే లేచి, కుండకు సున్నం పూసి, బొట్లు పెట్టి, పాలు బెల్లం పోసి అన్నం వండింది నేనే. దాన్ని ఎత్తుకుని గుడిదాకా నడిచిందీ నేనే. పైన గురిగిలోని దివ్వె నూనె చెవి వెనక కారుతోంది. ఆమె తీరిగ్గా మొదలుపెట్టింది. "తల్లీ పోచమ్మా, నా కొడుకును సల్లగ సూడు. బిడ్డను సల్లగ సూడు, అల్లుణ్ని సల్లగ సూడు." బాగానే ఉంది. "మా బోరు ఎండాకాలం గూడ నీళ్లిచ్చింది, దాన్ని సల్లగ సూడు. నల్ల బర్రెను సల్లగ సూడు. డ్రైవర్ కిష్టయ్య నేను ఉరుకలేనని మూల మీద బస్సు ఆపుతడు, ఆయన పిల్లలను సల్లగ సూడు. లైన్‌మన్ నర్సిమ్మ వానల తడుసుకుంట స్తంభమెక్కిండు, ఆయన పాణం సల్లగుండాలె." వెనక పది బోనాలు ఆగిపోయాయి. డప్పులవాళ్లు విసిగి డప్పులు కింద పెట్టేశారు. నా పేరు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని మెడ బిగబట్టి నిలబడ్డాను. చెంబు ఖాళీ అయింది. బర్రె పేరు వచ్చింది, నా పేరు రాలేదు.

కొత్తదాన్ని కదా, వచ్చే ఏడు చెబుతుందిలే అనుకున్నాను. వచ్చే ఏడూ చెప్పలేదు, ఆ పై ఏడూ చెప్పలేదు. నాకు చీర అక్కర్లేదు, నగ అక్కర్లేదు. ఒక్కసారి అంతమంది ముందు ఆమె నోట నా పేరు వింటే చాలనిపించేది. నోరు తెరిచి అడగడానికి మాత్రం మనసొప్పలేదు. అడిగించుకుని చెప్పే పేరు నాకెందుకు?

ఇంకా మంట ఎక్కడంటే, ఆ పేర్లన్నీ ఆమెకు గుర్తుచేసేది నేనే. చదువు రాని మనిషి, అంతా నోటి లెక్క. పండగ ముందురోజు సాయంత్రం నేను ఎల్లిపాయలు ఒలుస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చునేది. "సుజాతా, యాది జేస్తున్న. ఎవ్వలన్న తప్పితే జెప్పు." ఇక ఒక్కొక్కరే వచ్చేవారు. "బర్రె ఈనలేక గోస పడితే వచ్చిండు, గా డాక్టర్ పేరేంది?" సుధాకర్ అత్తమ్మా, అనేదాన్ని. "ఆఁ, సుధాకరు. సల్లగ బతుకు నాయినా." ఒకసారి ఎక్కిన పేరు మళ్లీ దిగేది కాదు. ఏటికేడు కొత్తవాళ్లు చేరడమే తప్ప ఒక్కరూ తగ్గరు. నెత్తిమీద బరువు మోసేది ఆమె కాదు కదా!

రాజలింగం పేరు చేరిన ఏడు నేను ఊరుకోలేకపోయాను. అతను మా పాలివాడు, పక్క పొలం. గట్టు జరుపుకుంటున్నాడని అత్తమ్మకూ అతనికీ ఏళ్ల తరబడి మాటల్లేవు, తిట్లే. మా కూతురు దివ్యకు మూడేళ్లప్పుడు జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. బయట కుండపోత వాన. మా ఆయన ఊళ్లో లేడు. నా ఏడుపు విని రాజలింగమే తన ట్రాలీ ఆటో తీసి, మమ్మల్ని మేడ్చల్ దవాఖానకు చేర్చాడు. వారం తిరగకుండా గట్టు దగ్గర మళ్లీ ఇద్దరికీ పడింది. అయినా పండగ ముందు శనివారం అత్తమ్మ అతని పేరు చెప్పింది.

"పొద్దున్నే గదా అత్తమ్మా ఆయనను బండ బూతులు తిట్టినవు?" అన్నాను.

"తిట్టిన. రేపు గూడ తిడత. గట్టు ముచ్చట గట్టుదే, పిల్ల ముచ్చట పిల్లదే. గా దినం బండి తియ్యకపోతే పిల్ల దక్కునా?"

ఎల్లిపాయలు ఒలుచుకున్నాను. ఆ రోజునుంచి నాకు ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. ఎవరినైనా తృప్తిగా ద్వేషిద్దామంటే కుదరదు. మేడ్చల్‌లో ఒక దవాఖానలో చీటీలు రాసే కౌంటర్లో పని చేస్తాను. నా మీద లేనిపోనివి మోసే ఒకామెను కడుపునిండా తిట్టుకుందామనుకుంటాను. నాకు జ్వరమొచ్చిన రెండు రోజులు నా చీటీలు కూడా ఆమే రాసిన సంగతి అడ్డొస్తుంది. ఇదంతా అత్తమ్మ అంటించిన జబ్బే.

పెళ్లైన పందొమ్మిదో ఏడు నా ఓపిక అయిపోయింది. ఎప్పటిలాగే శనివారం పేర్లన్నీ అప్పజెప్పి, "ఇంకెవ్వలన్న తప్పిన్రా?" అని అడిగింది. నా మొహంలోకి చూసే అడిగింది.

"ఎవ్వలు తప్పలే," అన్నాను. "రేపు బోనం మాత్రం నాతోని కాదు. మెడ నొస్తాంది."

బతిమాలుతుందనుకున్నాను. "సరే తియ్, యాదమ్మ ఎత్తుకుంటది," అని పీట పక్కకు నెట్టి లేచిపోయింది.

మర్నాడు యాదమ్మ వదిన బోనమెత్తుకుంది. నేను వేపమండలు పట్టుకుని, మొహం మాడ్చుకుని వెనక నడిచాను. అత్తమ్మ చెంబు వంచింది. కొడుకు పేరైంది. ఆ వెంటనే, "మా కోడలు సుజాత, తల్లీ. దానికి కోపం ముక్కు మీదుంటది, గని చెయ్యి సల్లనిది. ఇరువై ఏండ్లాయె నా ఇంట్ల దివ్వె పెట్టవట్టి. మెడ నొస్తాందంటాంది, జర దాని మెడ సల్లగ సూడు. గామె లేకపోతే నాకు గీ పేర్లు గూడ యాదికుండవు తల్లీ," అంది.

నా చేతిలోని మండలు జారిపోయాయి. అంతలో బోనం కిందనుంచి వదిన గొంతు లేచింది. "నా పేరేదే అమ్మా? ఏటేట జెప్తవు, ఇయ్యాల మర్సినవా?"

అత్తమ్మ ధార ఆపకుండానే విసుక్కుంది. "బోనమెత్తినోళ్ల పేరు జెప్తరానే? ఎదురుంగ నిలవడ్డవు, తల్లికి కండ్లు లేవా? కనవడనోళ్లనే మనం యాది జెయ్యాలె. నువ్వు కదలకు, దివ్వె పడతది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం సిగ్గుతో తల వంగిపోయింది. మరుక్షణమే అంతకు రెట్టింపు కోపం వచ్చింది. పందొమ్మిదేళ్లు! ఈ ఒక్క ముక్క ముందే చెబితే ఈవిడ సొమ్మేం పోయేది? మధ్యాహ్నం వడ్డిస్తూ అడిగేశాను. "గీ మాట నాకు ముందుగాల ఎందుకు జెప్పలే అత్తమ్మా?"

"నువ్వెన్నడన్న అడిగినవా?"

"గట్ల అడుగుతరా ఎవ్వలన్న?"

"అడగకపోతే నాకెట్ల ఎరుకైతది బిడ్డా? గంతసేపు బోనంతోని కదలకుంట నిలవడితివి. నీకు ఎరుకే అనుకున్న." ఎప్పుడూ కొడుకు పళ్లెంలో వేసే, మూలుగున్న నల్లి బొక్కను కూర గిన్నెలో వెతికి నా పళ్లెంలో వేసింది. మా ఆయన నోరెళ్లబెట్టి చూశాడు. తినేటప్పుడు ఏడుపొచ్చింది. కారం ఎక్కువైందని అన్నాను.

ఆ పైన మూడేళ్లు బోనం నేనే ఎత్తాను. నా పేరు మళ్లీ వినబడలేదు. మనసు పూర్తిగా చల్లారిందని అబద్ధం చెప్పను. చెప్పకపోవడానికి కారణం తెలిసినా చెవి ఎదురుచూస్తూనే ఉండేది. చివరి ఏడు ఆమె గుడి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సాక పోసింది. ఊపిరి అందేది కాదు. "లైన్‌మన్..." అని ఆగిపోతే, కుండ కిందనుంచి నేను "నర్సిమ్మ" అని అందించేదాన్ని. అలా ఇద్దరం కలిసి ఆ జాబితా ముగించాం. దీపావళి వెళ్లిన వారానికి ఆమె పోయింది. ఏడాది మైల కావడంతో పోయినేడు బోనం తీయలేదు. దివ్య కాలేజీకి దగ్గరని మేం ఇటు జవహర్‌నగర్ వైపు వచ్చేశాం.

ఈ ఏడు బోనానికి మళ్లీ ఊరికొచ్చాం. చెంబు నా చేతికొచ్చింది, బోనం దివ్య నెత్తికెక్కింది. ఒక్క పేరూ వదలకూడదని రాత్రే రెండుసార్లు అనుకున్నాను. బోరు, కిష్టయ్య, నర్సిమ్మ, సుధాకర్, రాజలింగం. అత్తమ్మ దవాఖానలో ఉన్నప్పుడు తన దుప్పటి తీసి కప్పిన పక్కమంచం ఆమె కొత్తగా చేరింది. వెనకనుంచి ఎవరో "అక్కా, జల్దీ గానియ్, పొద్దు నెత్తికొచ్చింది!" అని అరిచారు. "గంత తొందరైతే వేరే ఊరికి పొండ్రి!" అని కసిరాను. కసిరాక చూస్తే నా గొంతు అచ్చం అత్తమ్మదే.

నీళ్లు అడుగంటుతుండగా దివ్య వైపు చూశాను. మెడనరాలు బిగిశాయి, నూనె చెవి వెనక కారుతోంది. పెదవులు గట్టిగా మూసుకుని ఎదురుగా గుడి గోడను చూస్తోంది. వింటోంది. ఎందుకోసం వింటోందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

"బోనమెత్తిన నా బిడ్డ దివ్యను సల్లగ సూడు తల్లీ," అన్నాను.

యాదమ్మ వదిన నా మోచెయ్యి పట్టుకుని లాగింది. "ఎత్తినోళ్ల పేరు జెప్పద్దు సుజాతా! అమ్మ ఏమన్నదో మర్సినవా? తల్లికి కండ్లున్నయి!"

"తల్లికి కండ్లున్నయి వదినా. మోసేటోళ్లకు చెవులున్నయి."

దివ్య తల కదపకుండా కళ్లు మాత్రం నా వైపు తిప్పింది. "అయిపోయిందా మమ్మీ? మెడ ఇరుగుతాంది," అంది.

"ఆగు, ఇంకొక్క పేరుంది," అన్నాను. వెనక మళ్లీ అరుపులు మొదలయ్యాయి. కనబడనివాళ్లను తలుచుకోవాలని అంతమందిలో నన్ను నిలబెట్టి నేర్పి, చివరికి తానే కనబడకుండా పోయింది ఆ మనిషి. ఇప్పుడు ఆమె పేరూ నేనే చెప్పాలి. "మా అత్తమ్మ మల్లమ్మ, తల్లీ. ఏడున్నదో, సల్లగ సూడు," అని చెంబులో మిగిలిన నీళ్లన్నీ వంచేశాను.