కంటితో పనిలేని రంగులు

నేను ఇంగ్లీషు చెప్పి బతుకుతాను. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఫ్లాట్ ముందుగదిలో కూర్చుని, ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లకు ల్యాప్‌టాప్‌లో పాఠాలు చెప్తాను. మీటింగులో ఎలా మాట్లాడాలి, మెయిల్లో ఏం రాయకూడదు, ఇంగ్లీషు జాతీయాలు ఎక్కడ వాడితే పరువు దక్కుతుంది, ఇదీ నా సరుకు. అందులో రంగుల జాతీయాల పాఠమంటే నాకు ప్రాణం. ఇంగ్లీషులో అసూయపడేవాడు పచ్చబడతాడు. కోపమొచ్చినవాడికి ఎరుపు కనిపిస్తుంది. దిగులుగా ఉన్నవాడు నీలంగా ఉంటాడు. ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా ఆడే అబద్ధం తెల్లగా ఉంటుంది. ఈ రంగులు గుర్తుపట్టడానికి కళ్లు అక్కర్లేదు, అందుకే అవంటే నాకిష్టం.

నాకు పుట్టుకతోనే ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. నీలం, పసుపు బాగానే తెలుస్తాయి. మిగతావన్నీ మట్టిరంగులో కలిసిపోతాయి. ఇలాంటివాడు ఏ గుమాస్తా ఇంట్లోనో పుట్టి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. నేను పుట్టింది పాత బెంగళూరు పేటలో, పట్టునూలుకు రంగు వేసే ఇంట్లో. ఎర్రనూలు పోగు ఒకటి వేలికి చుట్టుకుని, ఇది దానిమ్మ గింజ, ఇది మిరపపండు, ఇది కుంకుమ అని విడదీసి చెప్పే మనిషికి కొడుకుగా పుట్టాను.

చిన్నప్పుడు ఒకరోజు నాయన పచ్చనూలు తెమ్మంటే ఎర్రనూలు తెచ్చాను. ఆ రోజునుంచి ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ నేనొక వినోదం. కాఫీ తాగుతూనే పైపంచె పట్టుకుని చూపించి, "ఇది ఏం రంగప్పా, చెప్పు చూస్తాం" అనేవాళ్లు. కాలు సరిలేనివాణ్ని ఎవరూ "ఏదీ, పరిగెత్తు చూస్తాం" అని అడగరు. నన్ను మాత్రం అందరూ అడిగారు. నాయన ఒక్కడే అడగలేదు. ఆయన అడగకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండేది. రంగుల షెడ్డువైపు రావద్దని, బాగా చదువుకోమని చెప్పి ఊరుకున్నాడు. తన తర్వాత చూసుకునేవాడు లేక కొన్నేళ్లకు ఆ షెడ్డు మూసేశాడు.

బళ్లో ఇంగ్లీషు టీచరు ఒకసారి రంగుల జాతీయాలు బోర్డుమీద రాసి అర్థాలు అడిగింది. అన్నీ చెప్పేశాను. రంగుల విషయంలో నన్ను ఎవరైనా శభాష్ అనడం అదే మొదలు. ఇంగ్లీషు చదివింది అందుకేనేమో అనిపిస్తుంది. పెళ్లి మాత్రం చేసుకోలేదు. చూపులకు వెళ్లినప్పుడు అమ్మాయి చీర రంగు మాటొస్తుందేమోనని నోరు విప్పకుండా కూర్చునేవాణ్ని. పొగరుబోతునని పేరొచ్చింది. పొగరుబోతు అంటే పర్లేదు, పైపంచె చూపించి అడగరు కదా అనుకున్నాను.

అమ్మ పోయాక నాయన నా దగ్గరికి వచ్చేశాడు. ఇద్దరికీ మాటలు తక్కువ. పొద్దున కాఫీ, రాత్రి అన్నం, మధ్యలో టీవీ. నేను పాఠం చెప్తుంటే సోఫాలో కూర్చుని వినేవాడు, అయిపోగానే ఎగతాళికి దిగేవాడు.

"కుళ్లుబోతుకు పచ్చరంగు అంటివే, అది ఏ పచ్చప్పా? చిలకపచ్చనా, పాచిరంగునా?"

"ఉత్త పచ్చే నాయనా."

"ఉత్త పచ్చంటూ యాడ ఉండాది? సుమ్నే, ఊరికే రంగు పేర్లు వాడుకుంటా ఉండారు, పాపం."

మా ఇద్దరికీ ఉన్న సరదా అంతా అదే.

పోయినేడు ఆ ప్రశ్నలు ఆగిపోయాయి. నేను మొదట గమనించలేదు. పేటనుంచి నాయన స్నేహితుడు మనవరాలి పెళ్లిచీర పట్టుకొచ్చిన రోజు తెలిసింది. ఆయన చీర విప్పి సోఫామీద పరిచి, ఎట్లుంది చెప్పమన్నాడు. నాయన చేత్తో తడిమి చూశాడు. "ట్యూబులైటు కింద రంగు చూడకూడదప్పా" అన్నాడు. అప్పుడు మిట్టమధ్యాహ్నం. బాల్కనీలోంచి ఎండ సోఫాదాకా వచ్చి ఉంది. నాయన "ముందు నువ్వు చెప్పు, నీకేమనిపిస్తా ఉండాది?" అన్నాడు. వంకాయరంగు కదా అన్నాడు స్నేహితుడు. "అదే, వంకాయే" అన్నాడు నాయన.

తప్పు వెలుతురు మీదికి నెట్టేయడం, ఎదుటివాడి నోటినుంచి రంగుపేరు రానిచ్చి అందుకోవడం, ఇవన్నీ నా విద్యలు. ఇన్నేళ్లూ వాటితోనే నెట్టుకొచ్చాను. దొంగను దొంగ గుర్తుపట్టినట్టు పట్టేశాను.

స్నేహితుడు చీర మడుచుకుని వెళ్లిపోయాడు. నాయన నావైపు చూడకుండా అడిగాడు. "ఆ అంచు నీలమా, నలుపా?"

"నీలమే నాయనా. ముదురు నీలం."

"నీకు తెలుస్తాదా?"

"నీలం బాగా తెలుస్తుంది."

పరీక్షించడానికి కాక, నిజంగా తెలియక ఒక మనిషి నన్ను రంగు అడగడం నా బతుకులో అదే మొదటిసారి. అడిగింది నాయన. వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

ఆ తర్వాత రోజూ అడిగేవాడు. ఈ ప్యాంటు నీలమా నలుపా, ఈ పంచె తెలుపా లేక పసుపు మరకలున్నాయా. నేను చెప్పేవాణ్ని. మార్కెట్లో టమాటాలు పండాయా లేదా ఆయన చెప్పేవాడు, ఎరుపు ఆయన కళ్లను ఇంకా వదల్లేదు. ఇద్దరి కళ్లూ కలిపి ఒక సంసారం నడిపాం. ఇంగ్లీషు రంగులు కూడా నోటికి తెచ్చుకున్నాడు. నేను మూతి ముడుచుకుని కూర్చుంటే "ఏమప్పా, నీలంగా ఉండావు?" అనేవాడు. వంటమనిషి చేసిన చారు సాంబారో రసమో తేలకపోతే "గ్రే ఏరియా" అనేవాడు. "నీ ఇంగ్లీషు రంగులే మేలప్పా, కంటితో పనిలేదు" అన్నాడొకరోజు. మేమిద్దరం అంత నవ్వుకున్న రోజులు అంతకుముందు లేవు.

నాయన కళ్లలోది శుక్లమని నాకు తెలుసు. ఆపరేషన్ చేస్తే పోతుందనీ తెలుసు. దాంతోపాటు నాకు ఇంకేం పోతుందో కూడా తెలుసు. ఒక సాయంత్రం లిఫ్టు పనిచేయక మెట్లు దిగుతుంటే ఆయన కాలు తడబడింది. మర్నాడే కంటాసుపత్రికి తీసుకెళ్లాను.

"వద్దప్పా, ఏంటికి? ఇట్లే బాగుండాది కదా మనకు" అన్నాడు ఆటోలో. నేను రోడ్డువైపు చూస్తూ కూర్చున్నాను. నోరు విప్పితే సరే వెనక్కి పోదాం అనేస్తానని భయం.

ఒక కన్ను అయింది, కొన్నాళ్లకు రెండోదీ అయింది. కట్టు విప్పిన మర్నాడు పొద్దున బాల్కనీలోంచి ఒక కేక. పరిగెత్తాను. ఎదురుగా కడుతున్న బిల్డింగుకు కప్పిన టార్పాలిన్ చూస్తూ నిలబడ్డాడు. "నీలమప్పా! అబ్బా, ఏం నీలం!" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత ఇల్లంతా తిరిగాడు. బకెట్టు, దిండుగలీబు, క్యాలెండరు, దేనికి దానికి పేరు పెట్టి పిలిచాడు. నేను వెనకే తిరుగుతూ అవును అవును అంటున్నాను. అలా నా బీరువా దగ్గరికి వచ్చి తలుపు తీశాడు. వేలాడుతున్న చొక్కాలమీద చెయ్యేసి ఒకటి చెప్పాడు, రెండోది చెప్పబోయి ఆగిపోయాడు.

"నీకింకా అట్లే ఉండాది కదప్పా" అన్నాడు.

"అవును నాయనా."

మంచమ్మీద కూర్చున్నాడు. "నాకు కొన్నాళ్లకే అంత బేజారాయె. నువ్వు పుట్టినకాడ్నించీ..." అన్నాడు.

ఆ రోజునుంచి మా ఇంట్లో రంగుపేరు వినపడదు. కుడిపక్క చొక్కా ఇయ్యి అంటాడు, కొత్త పంచె తే అంటాడు. నన్ను ఏదీ అడగడు, అడగాల్సిన అవసరమూ లేదు. ఇంగ్లీషు రంగులు కూడా మానేశాడు. నన్ను నొప్పించకూడదని ఆయన పడుతున్న జాగ్రత్త చూస్తుంటే పేటలో చుట్టాల పరీక్షలే నయమనిపిస్తోంది. అప్పుడు కనీసం నా చుట్టూ పదిమంది ఉండేవాళ్లు.

నిన్న నా పాఠం మొదలవగానే ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లి అద్దం తలుపు దగ్గరికి లాగాడు. అవతల పేట స్నేహితుడు. కింద రోడ్డుమీద పూలచెట్టును చూస్తూ చేతులు ఊపుతూ చెప్తున్నాడు, ఎరుపు అంటున్నాడు, ఎరుపులో ఇంకేదో అంటున్నాడు. తలుపు సందులోంచి సగం వినిపిస్తోంది. పాఠం చెప్పడం ఆపి విన్నాను. నేను వింటున్నది చూసి ఆయన గొంతు తగ్గించి, తలుపు పూర్తిగా మూసేశాడు.

నాకు కనిపించకపోయినా నా ముందే చెప్పు నాయనా అని అడగాలి. ఇంకా అడగలేదు.