చిన్నాయన చీలమండ

మా చిన్నాయన మొన్న గురువారం ధర్మవరంలో కన్నుమూశారు. పొద్దున్నే కాఫీ తాగి, మగ్గం గదిలోకి అడుగుపెట్టి, అక్కడే కూలబడ్డారట. గుండెపోటు అన్నారు.

నా హైస్కూలు చదువు ఆయన ఇంట్లోనే సాగింది. మగ్గం చప్పుడు ఆగితే నాకు పాఠం తలకెక్కేది కాదు. ఆయనది గుంట మగ్గం. గుంటలో కాళ్ళు పెట్టి కింది కర్రలు తొక్కుతూ పట్టుచీరలు నేసేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ కుడి చీలమండ ముందువైపు నొప్పి పట్టుకుంది. పాదం పైకి వంగితే చాలు, లోపల ఏదో అడ్డం తగిలేది. నూనెలు, పట్టీలు, కట్లు అన్నీ అయ్యాయి. గుంటలోంచి పైకి రావాలంటే పిన్నమ్మ భుజం పట్టుకోవాల్సిందే. మగ్గం మానేస్తే ఆయనకు ఇంకో పని రాదు. మిగతా పనుల మీద పెద్ద గౌరవమూ లేదు.

అనంతపురంలో డాక్టరు ఎక్స్‌రే చూసి, చీలమండ ముందు ఎముక పెరిగిందని, పాదం వంచినప్పుడల్లా అది పక్క ఎముకకు తగులుతోందని చెప్పాడు. రెండు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లో కెమెరా దూర్చి, రెండోదాంట్లోంచి ఆ ఎముకను అరగదీస్తారట.

"ఏమప్పా, ఇంత పెద్ద నొప్పికి అంత సన్న తూటేనా?" అన్నారు చిన్నాయన. హాస్యానికి కాదు, నిజంగానే అడిగారు.

సరేనన్నారు గానీ, మగ్గం మీదున్న నిలువు దారాల పడుగు పూర్తి కానిదే కదలనన్నారు. ఆయన మొదలుపెట్టిన పడుగు మీద ఇంకొకరిని కూర్చోనిచ్చేవారు కాదు. "నడమ ఇంకొకరి కాలు పడితే చీర చెప్తాది" అనేవారు. అది అయ్యాకే ఆపరేషన్.

ఆపరేషన్ చేసి, పాదం పైకీ కిందికీ ఆడిస్తూ ఉండమని చెప్పి ఇంటికి పంపారు. మర్నాడు ఖాళీ మగ్గం చప్పుడు విని పిన్నమ్మ వంటింట్లోంచి పరుగెత్తింది. చూస్తే, కట్టు కట్టిన కాలితో గుంటలో కూర్చుని తొక్కుతున్నారు.

"ఏం చేస్తాండావు సామీ?"

"డాక్టరు చెప్పిందే. పైకీ కిందికీ ఆడిస్తాండా."

"మంచం మీద పడుకోని ఆడించమన్నాడు!"

"మంచం మీద దానికేం తెలుస్తాది? ఈడైతే అలవాటు ఉండాది."

కాలు వాచింది. డాక్టరు తిట్టాడు. పిన్నమ్మ మగ్గం గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. డాక్టరు సరేనన్నాకే తలుపు తెరిచింది. ఆ రోజు ఆమె అలవాటుగా భుజం అందించబోతే, పట్టుకోకుండానే గుంటలోంచి పైకి వచ్చి, "జరుగు" అన్నారు. అంతకు మించిన సంబరం ఆయన నోట ఎవరం వినలేదు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషమే.

గురువారం మధ్యాహ్నం ఆయన్ని చాప మీద పడుకోబెట్టి, కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి దారంతో కడుతున్నారు. అంతవరకూ గోడకు ఆనుకుని కూర్చున్న పిన్నమ్మ ముందుకు వంగి, దారం కడుతున్న మనిషి చెయ్యి పట్టుకుంది.

"మెల్లగా కట్టప్పా. అది ఆపరేషన్ అయిన కాలు."

అతను ముడి వదులు చేశాడు. పిన్నమ్మ చీలమండ మీది రెండు చిన్న మచ్చలను అరచేత్తో కప్పి, అట్లాగే కూర్చుంది.