మందు షాపు మీద నా రెండు అభిప్రాయాలు

సొంత ఇంటికి నిప్పు పెట్టుకున్నవాళ్ళను చూసి ఉంటారు. ఆర్పడానికి ఊరందరినీ పోగేసి, వాళ్ళ ముందే అగ్గిపుల్ల గీసినవాణ్ణి చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే.

విదేశంలో మేముండే మౌంట్ రాస్కిల్ పేటలో మా ఆవిడ నీలిమ ఒక గది అద్దెకు తీసుకుని పిల్లలకు కూచిపూడి నేర్పేది. పక్క గదిలో మందు షాపు పెట్టడానికి మా తెలుగువాళ్ళలో పెద్దాయన సత్యం అంకుల్ లైసెన్సుకు అర్జీ పెట్టాడు. అది వస్తే పిల్లల్ని పంపేది లేదని తల్లులు తేల్చేశారు. నీలిమది ఆరేళ్ళ కష్టం. లైసెన్సు కమిటీకి అభ్యంతరం రాసి, వాళ్ళ విచారణలో మాట్లాడే పని నాకు అప్పగించింది. నాలుగు పేజీలు రాసి పంపాను.

పెద్దాయన కదా, ఆ సంగతి ఎదురుగానే చెబుదామని ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను.

"అంకుల్, మీ షాపు గురించి..."

"ముందు తిను. తిన్నాక మాట్లాడుకుందాం."

ఆంటీ గోంగూర మటన్ మూడుసార్లు వడ్డించింది. "నీకోసమే వండాను బాబూ, మొహమాటపడకు," అంది. నాకు వచ్చిన విద్య అదొక్కటేనని ఆవిడకు తెలియదు పాపం.

చెయ్యి కడుక్కోగానే అంకుల్ ఒక కాగితం ముందు పెట్టాడు.

"ఏం లేదయ్యా, లైసెన్సుకి సపోర్ట్ లెటరు. మనవాళ్ళందరూ పెట్టారు. నువ్వూ ఓ సంతకం పడెయ్."

చదవలేదని బుకాయించను, చదివాను. ఈ షాపు మా పేటకు ఎంతో అవసరమని ఉంది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదంటారు. మా ఇంటి కూరలో కూడా ఉప్పే వేస్తారని ఆ క్షణంలో తోచలేదు. అన్ని కాగితాల్లో ఇదెవరు చూస్తారులే అని సంతకం చేశాను.

కమిటీ అధ్యక్షురాలు చూసింది. విచారణ రోజు నేను మందు వల్ల సంసారాలు ఎలా కూలిపోతాయో పావుగంట చెప్పి, కూర్చోబోతుంటే ఆవిడ ఆపింది.

"చక్కగా చెప్పారు. షాపు కావాలని రాసిన ఈ ఉత్తరం కూడా మీదేనా?"

"నాదేనండీ."

"మరి మీ అసలు అభిప్రాయం ఏది?"

నీలిమ వైపు చూశాను. అంకుల్ వైపు చూశాను.

"రెండూనండీ."

లైసెన్సు వచ్చింది. నా మాటకు విలువ ఇవ్వలేమని తీర్పులో రాశారు. మా ఇంట్లో ఆ తీర్పు పెళ్ళైన ఏడాదికే వచ్చింది లెండి. నీలిమ సగం మంది పిల్లలతో క్లాసును దూరంగా హెండర్సన్ పేటకు మార్చుకుంది. వారం రోజులు నాతో మాట్లాడలేదు. నిజంగా సిగ్గేసింది.

తర్వాత అంకుల్ షాపు ప్రారంభోత్సవానికి పిలిచాడు. ఈసారి రానని గట్టిగా చెప్పేద్దామని ఆ పొద్దున్నే వెళ్ళాను. ఆంటీ పూర్ణాలు పెట్టింది. రిబ్బన్ కత్తిరించే ఫొటోలో కత్తెర పట్టుకున్నది నేనే.

కనుక మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరికైనా కాదని చెప్పాల్సి వస్తే ఫోన్లోనే చెబుతాను, అదీ మా ఇంట్లో కడుపునిండా తిన్నాకే. నీలిమ మాత్రం ఆ ఫోన్ కూడా తనకే ఇమ్మంటోంది.