జాగ్రత్త టీచరు లెక్క తప్పింది

ఐదో తరగతి పిల్లలు ఆవిడకి పెట్టుకున్న పేరు జాగ్రత్త టీచరు. మెట్లు దిగితే జాగ్రత్త, పెన్సిలు చెక్కితే జాగ్రత్త, ఆఖరికి గట్టిగా నవ్వినా జాగ్రత్తే. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆవిడ తెగించి చేసిన పని ఒక్కటే. అమ్మ పోయిన ఇంటికి కొత్తమ్మ వచ్చే పిల్లల నవల ఒకటి తరగతిలో చదివించడం మొదలుపెట్టింది.

"పదిహేడో నంబరు పిల్ల సంగతి తెలిసే ఈ పుస్తకం పెట్టారా?" అని హెడ్మాస్టరు ముందే అడిగాడు. "ఏడ్చుకుంటూ ఇంటికెళ్లిందంటే మీదే పూచీ."

తెలుసు. ఆ పిల్లకి తల్లి పోయి రెండేళ్లు. మొన్న వేసవిలో తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అప్పటినుంచీ అడిగితే తప్ప నోరు విప్పదు. నవల తనకి తోడవుతుందని టీచరు ఆశ. అలాగని కొత్తమ్మ వచ్చే పేజీ ఆ పిల్ల చేతే పైకి చదివించే ధైర్యం మాత్రం లేదు.

ఉన్నది ఒక్కటే పుస్తకం. నంబర్ల వరసలో చేతులు మారుతుంది, తలా ఒక పేజీ. టీచరు ముందే కూర్చుని లెక్కేసింది. కొత్తమ్మ వచ్చే పేజీ పదిహేనో నంబరుకి, రైలు ప్రయాణం పదిహేడుకి. వెనక అట్ట లోపల పెన్సిలుతో నంబర్లన్నీ వేసుకుని, పదిహేడు చుట్టూ సున్నా చుట్టింది.

ఇంత చేసి, పదిహేడుకి ముందు నంబర్ల కవల అక్కచెల్లెళ్లు గవదబిళ్లలతో బడికి రాలేదన్నది మరిచిపోయింది. పొద్దున్న వాళ్లకి ఆబ్సెంటు వేసింది కూడా తనే! పదిహేడో నంబరు లేచి, "కొత్తమ్మ గుమ్మంలో నిలబడింది" అని మొదలుపెట్టేసరికి టీచరు పైప్రాణాలు పైనే పోయాయి.

"కూర్చోమ్మా, నీ గొంతు బాగున్నట్టు లేదు. నేను చదువుతాలే."

"బాగానే ఉంది టీచర్."

కథలో పిల్ల కొత్తమ్మని ఏమని పిలవాలో తెలియక తలుపు చాటున దాక్కుంటుంది. అక్కడ పదిహేడో నంబరు చదవడం ఆపేసింది. టీచరు చేతిలో సుద్దముక్క విరిగింది.

"నేనూ ఇంతే," అంది పిల్ల. "వారం రోజులు 'ఇదిగో' అన్నాను. ఆవిడా నన్ను 'ఇదిగో' అనే పిలిచింది. ఓ రోజు ఇద్దరం ఒకేసారి అనేసి పడీపడీ నవ్వాం. ఇప్పుడు పిన్ని అంటున్నా."

"మా అమ్మని మా నాన్న ఇప్పటికీ అలాగే పిలుస్తాడు!" అని వెనక బెంచీలోంచి ఎవరో అరిచారు. తరగతంతా గొల్లుమంది, ఆ పిల్లతో సహా. టీచరు నెత్తిన పాలు పోసినట్టయింది.

గంట కొట్టాక పిల్ల పుస్తకం తెచ్చి, వెనక అట్ట తెరిచి చూపించింది.

"నా నంబరుకి సున్నా ఎందుకు చుట్టారు టీచర్?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఆ పేజీ నీకు రాకూడదని. ఏడుస్తావేమోనని భయపడ్డానమ్మా."

"పిన్నీ అంతే. నేను ఏడుస్తానని అమ్మ ఫొటో బీరువాలో పెట్టేసింది. నేనే అడిగి మళ్లీ గోడకి పెట్టించుకున్నా."

టీచరు రబ్బరు తీసుకుని ఆ సున్నాని గబగబా తుడపసాగింది.

"జాగ్రత్త టీచర్," అంది పిల్ల, "కాగితం చిరుగుతుంది."