మధ్యాహ్నం లైట్లార్పే లువా పిన్ని

పన్నెండుంబావుకి మా ఆఫీసు మెల్లగా నీళ్లలోకి దిగేది. ముందు ఫోన్లు ఆగేవి. తర్వాత అన్నం డబ్బాల మూతల చప్పుడు ఆగేది. ఆఖరికి ఆఫీసు ఊడ్చి, టీలు కాచే లువా పిన్ని కిటికీల పచ్చ పరదాలు లాగి, తలుపు పక్కనున్న మూడు స్విచ్చులూ ఒక్కొక్కటే ఆర్పి, "పడుకోండర్రా, మీ రొయ్యలు ఎక్కడికీ పారిపోవులే" అనేది.

నిజం రొయ్యల్ని మేమెప్పుడూ చూడలేదు. వియత్నాంలోని డా నాంగ్ రేవునుంచి ఓడెక్కే రొయ్యల కాగితాలు మాత్రమే మావి. నలభై మందిమి. ఆ మూడో స్విచ్చు ఆరేసరికి నలభై చాపలు బల్లల కింద పరుచుకుని ఉండేవి. పరదాల్లోంచి వచ్చే పచ్చటి వెలుతురులో ఫ్యాన్ల నీడలు మా మీద ఈదుకుంటూ పోయేవి. ఎవరో నిద్రలో ఓడ పేరు చెప్పేవారు. ఎవరో నవ్వేవారు. హాన్ నది మీద పడవ కూత వేస్తే అది మనిషి నిట్టూర్పులాగే వినబడేది.

మా డైరెక్టరు హావో అక్క చాప, డ్రైవరు సాంగ్ బాబాయ్ చాప పక్కపక్కనే ఉండేవి. అలా ఉండాలని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. చాపలు పరిచేది లువా పిన్ని, అంతే. గురక పెట్టేవాళ్లకి జిరాక్సు మిషను మూల. కడుపుతో ఉన్నవాళ్లకి గాలి తగిలే కిటికీ పక్క. ఎవరి కాళ్లూ గుమ్మం దగ్గర పూజకి పెట్టిన నేలదేవుడి గూటి వైపు చాపకూడదు. పొద్దున ఇద్దరు కీచులాడుకుంటే మధ్యాహ్నం వాళ్ల చాపలు పక్కపక్కన ఉండేవి. "ఏంటి పిన్నీ ఇది" అని గొణిగితే, "నోరు తెరుచుకుని నిద్రపోయే మొహం చూశాక ఎవరి మీదైనా ఎంతసేపు కోపం ఉంటుందో నేనూ చూస్తా" అనేది.

ఆవిడ పేరుకి అర్థం పట్టు. ఊరు క్వాంగ్ నామ్‌లో, ఏటి ఒడ్డున మల్బరీ తోటల మధ్య. పట్టుపురుగులు నాలుగుసార్లు నిద్రపోయి లేస్తేగానీ గూడు కట్టవని, ఆ నిద్రలప్పుడు ఇంట్లో గట్టిగా మాట్లాడితే అమ్మ ఊరుకునేది కాదని చెప్పేది. ఇరవయ్యో ఏట రొయ్యల కార్ఖానాలో చేరింది. మంచులో చేతులు పెట్టి రోజంతా పొట్టు తీయడం. మధ్యాహ్నం అరగంట, నడవాలో అట్టముక్కల మీద నిద్ర. సూపర్వైజరు ఈల ఊది లేపేవాడు. పంతొమ్మిదేళ్లు ఆ ఈల విన్నది.

అందుకే మమ్మల్ని ఒక్కనాడూ గొంతుతో లేపలేదు. ఒంటిగంటకి ఒకే ఒక పరదా బెత్తెడు జరిపేది. తామరపూల టీ పొయ్యి మీద పెట్టేది. ఆ వెలుతురు చీలికా, ఆ వాసనా ఒకరి తర్వాత ఒకర్ని తట్టుకుంటూ పోయేవి. అందర్నీ లేపాకగానీ తన చాప చుట్టేది కాదు. అది గుమ్మం పక్కనే, స్విచ్చుల కింద. పదకొండేళ్లు అదే ఆవిడ చోటు.

ఆఫీసు సంస్కృతి అంటూ గోడల మీద రాసుకునే కంపెనీలని చాలా చూశాను. మాకు గోడ మీద ఏమీ లేదు. కానీ డైరెక్టరు చిరిగిన మేజోడు డ్రైవరు చూశాడు. డ్రైవరు నిద్రలో ఏడవడం డైరెక్టరు విన్నది. అలాంటి చోట ఒకర్నొకరు తక్కువ చేసి మాట్లాడటం కష్టం. ఆ గదిని అలా కట్టింది నెలకి అందరికన్నా తక్కువ జీతం తీసుకునే మనిషి. ఆవిడని ఎవరూ ఇంజినీరు అనలేదు.

వ్యాపారం పెరిగింది. నదికి అవతల అద్దాల మేడలో తొమ్మిదో అంతస్తు తీసుకున్నాం. గదులు గీయడానికి త్రియెత్ అనే కుర్ర ఆర్కిటెక్టు వచ్చాడు. మంచివాడే. మనుషుల మధ్య చనువు పెంచే ఆఫీసు కడతానన్నాడు. "కొత్త ఆఫీసులో మీకేం కావాలి?" అని ముప్ఫై తొమ్మిది మందికీ తలా ఒక కాగితం ఇచ్చాడు. మొక్కలు కావాలని రాశాం. మంచి కాఫీ మిషను, హెల్మెట్లు తగిలించుకోవడానికి కొక్కేలు అని రాశాం. నిద్ర అని ఒక్కరూ రాయలేదు. ఊపిరి పీల్చుకోవడానికి గాలి కావాలని ఎవరైనా అర్జీ పెడతారా? త్రియెత్ ఐదు రోజులు మా మధ్య కూర్చుని మేమెలా పని చేస్తామో రాసుకున్నాడు. రోజూ పదకొండున్నరకి లేచిపోయేవాడు, తన ఆఫీసుకెళ్లి పడుకోవాలి కదా.

నలభయ్యో కాగితం లువా పిన్నికి ఇవ్వాలని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఈ మాట రాయకుండా మిగతాది రాసే హక్కు నాకు లేదు.

కొత్త ఆఫీసు అందంగానే ఉంది. పొడవాటి ఉమ్మడి బల్లలు. ఓ మూల బంతాట బల్ల, అదే టేబుల్ టెన్నిస్. నిద్రకని ఎవరో ఆఖర్లో గుర్తుచేస్తే పెట్టిన, గుడ్డు ఆకారపు నాలుగు పెట్టెలు. మనిషి కదిలితే వెలిగి, కదలకపోతే ఆరిపోయే దీపాలు. శుభ్రం చేసే పని మేడవాళ్ల కంట్రాక్టరుది. లువా పిన్నిని మావాళ్లు ఆ కంట్రాక్టరుకే అప్పజెప్పారు. అదే పని, అదే మేము. కాకపోతే బూడిదరంగు యూనిఫారం, ఒక కొత్త నియమం. పదకొండూ ముప్పావు నుంచి ఒంటిగంట దాకా పనివాళ్లు అంతస్తుల్లో కనబడకూడదు.

మొదటి మధ్యాహ్నం చాపలు మేమే పరుచుకున్నాం. పది నిమిషాలకి దీపాలు ఆరాయి. హమ్మయ్య అనుకునేలోపు ఎవరో పక్కకి తిరిగారు. తొమ్మిదో అంతస్తంతా భగ్గుమంది. మళ్లీ ఆరింది. సాంగ్ బాబాయ్ పొట్ట గురకతో ఓసారి పైకి లేచింది, మళ్లీ భగ్గు.

"బాబాయ్, నీ గురకకి కరెంటొస్తోంది!"

"అయితే నన్ను కరెంటాఫీసులో వేయించండి, ఈ డ్రైవరుద్యోగం నాకొద్దు."

ఆ రోజు నవ్వుకున్నాం. రెండు వారాలయ్యేసరికి నవ్వు ఎండిపోయింది. నాలుగు గుడ్లలోకీ నలుగురు పెద్ద ఉద్యోగులు చేరారు. మిగతావాళ్లం బల్లల మీద తలలు పెట్టుకుని, ఎవరి చెవుల్లో వాళ్లం పాటలు పెట్టుకుని కళ్లు మూసుకునేవాళ్లం. ఒక కాగితం కనబడలేదని పక్క కుర్చీ అమ్మాయితో నేను ఆరు రోజులు మాట్లాడలేదు. మా చాపలు పక్కపక్కన వేసేవాళ్లు లేరు.

ఆ ఏడో రోజు పన్నెండున్నరకి, పిన్ని ఎక్కడుందో చూద్దామని లిఫ్టులో కిందికి దిగాను. రెండో నేలమాళిగలో మోటారు సైకిళ్ల వరసల మధ్య, ఒక స్తంభం పక్కన, లువా పిన్ని అట్టముక్క మీద పడుకుని ఉంది. మరికాస్త దూరంలో ఆ మేడ పనివాళ్లే, ఇంకో ఆరుగురు ఆడవాళ్లు.

"పిన్నీ, ఇక్కడా?"

"మరి? తొమ్మిదో అంతస్తు నుంచి పడినవాళ్లు ఇంకెక్కడ తేలతారే?" అంది కళ్లు తెరవకుండా. "కూర్చో. ఆ బండి గొట్టం తగలకుండా చూసుకో, ఇంకా వేడిగా ఉంది."

కూర్చున్నాను. చల్లబడుతున్న ఇంజన్లు టిక్ టిక్‌మంటున్నాయి.

"అప్పుడు కార్ఖానాలో అట్ట, ఇప్పుడూ అట్ట. మధ్యలో పదకొండేళ్లు చాప మీద ఓ నిద్ర తీశాననుకుంటా. ఈ నెలాఖరుకి ఊరెళ్లిపోతున్నాను."

"పని కష్టంగా ఉందా?"

"పనిదేముందే. పొద్దుటినుంచీ మీ కప్పులు కడుగుతాను, మీ బల్లలు తుడుస్తాను. తీరా కళ్లు మూసుకునే వేళకి, నువ్వు పో, నువ్వు మాలో దానివి కాదు అంటే... దొంగని కూడా ఇంట్లోంచి నిద్రవేళకే కదా బయటికి తోసేది."



మర్నాడు నా చాప చంకన పెట్టుకుని దిగాను. సాంగ్ బాబాయ్ తోడొచ్చాడు. మూడో రోజుకి పదకొండు మందిమయ్యాం, నేను మాట్లాడటం మానేసిన ఆ అమ్మాయితో సహా. వారం తిరిగేసరికి ముప్ఫై మందిమి, చుట్టిన చాపలతో లిఫ్టు దగ్గర వరస కట్టాం. కాపలా అతను అడ్డం వచ్చాడు.

"ఇంతమంది ఎక్కడికి?"

"నిద్రకి," అన్నాడు సాంగ్ బాబాయ్.

అతను గడియారం చూసుకున్నాడు. "సరే, తొందరగా పోండి. నాకూ వేళవుతోంది."

దాన్ని సమ్మె అని మాలో ఎవరూ అనలేదు. నేనంటాను. నినాదాలు లేవు, జెండా లేదు, అందరూ కళ్లు మూసుకున్న సమ్మె. లువా పిన్ని మొదట తిట్టింది, "నా ఉద్యోగం ఊడగొట్టడానికొచ్చారా" అని. తర్వాత చూడలేక లేచి చాపలు సర్దింది. గురకవాళ్లకి నీళ్ల పంపు మూల. ఆరుగురు ఆడవాళ్ల అట్టలు మా చాపల మధ్యలోకి వచ్చాయి. సాంగ్ బాబాయ్ పక్కన ఒక చాప రోజూ ఖాళీగా పరిచి ఉంచేది. ఎవరికని మేం అడగలేదు.

అక్కడ పరదా లేదు. అందుకని ఒంటిగంటకి తన పాత బండి దీపాన్ని దూరంగా గోడ మీదికి వెలిగించేది. నూనె మరకల నేల మీద ఆ వెలుగు చెరువులో చంద్రుడిలా నిలబడేది. ఫ్లాస్కు మూత తిప్పగానే తామరపూల వాసన పెట్రోలు వాసనని పక్కకి జరిపేది.

ఆ నెలాఖరు శుక్రవారం త్రియెత్ తన ఆఫీసుని ఫోటోలు తీసుకుందామని వచ్చాడు. ఎండ బాగుంటుందని ఆ ఒక్కరోజు నిద్ర మానుకుని మధ్యాహ్నం వచ్చాడు. తొమ్మిదో అంతస్తులో దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. కుర్చీలన్నీ ఖాళీ, నాలుగు గుడ్లూ ఖాళీ. హావో అక్క ఒక్కతే తన బల్ల దగ్గర కూర్చుని ఉంది.

"అందరూ ఏరక్కా?"

ఆవిడకి వారం నుంచీ తెలుసు. డైరెక్టరు నేలమాళిగకి దిగడమేంటని బిగుసుకుని కూర్చుంది. ఆ కుర్రాడు అడిగేసరికి ఇక ఆగలేకపోయింది. ఇద్దరూ దిగారు.

లిఫ్టు తలుపు చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది. లువా పిన్ని పెదవుల మీద వేలు పెట్టి, "బూట్లు," అంది త్రియెత్‌తో. అతను విప్పాడు. అట్టముక్క చూపించింది. అతను ఆవలించి, చిన్నపిల్లాడిలా ముడుచుకుని పడుకున్నాడు. హావో అక్క కాసేపు నిలబడే ఉంది. తర్వాత చెప్పులు వదిలి, సాంగ్ బాబాయ్ పక్కనున్న ఆ ఖాళీ చాప మీదికి నడిచింది.

ఒంటిగంటకి గోడ మీద చంద్రుడు లేచాడు.

"నిద్ర కావాలని మీరెవరూ రాయలేదే!" అన్నాడు త్రియెత్, టీ కప్పు రెండు చేతులా పట్టుకుని.

"మీ ఆఫీసు కట్టినప్పుడు నువ్వు రాశావా?" అన్నాడు సాంగ్ బాబాయ్.

కుర్రాడు ఆలోచించాడు. "లేదు."

అందరం నవ్వాం. నేలమాళిగ కూడా మాతో నవ్వినట్టు మోగింది.

"పిన్నీ, మీరు చెప్పండి. నేను గీస్తాను."

"ఆ మాటకి ఇంత లోతుకి దిగాలా నాయనా? పాత ఆఫీసులో నీ పక్కనే చీపురు పట్టుకుని నిలబడ్డాను ఐదు రోజులు."

అతను తల వంచుకున్నాడు. ఆవిడ తన అట్టముక్కనే తిరగేసి, అతని కలం లాక్కుని తనే గీసింది. గోడ పొడుగునా మోకాలెత్తు చెక్క అరుగు, మా ఇళ్లలో ఉండే పడకబల్లలాంటిది. పొద్దున దాని మీద మఠం వేసుకుని మాట్లాడుకోవచ్చు, మధ్యాహ్నం పడుకోవచ్చు. పడమటి అద్దానికి పచ్చ పరదా. చేత్తో ఆర్పే స్విచ్చులు మూడు.

"మరి బంతాట బల్ల?"

"తీసెయ్. దాని మీద ఒక్కడికి కూడా నిద్రపట్టదు."

హావో అక్క అట్ట అందుకుని చాలాసేపు చూసింది. "ఇందులో నీ చోటేది అక్కా?"

"అది గీయాల్సింది నేను కాదు హావో."

హావో అక్క కలం తీసుకుని స్విచ్చుల కింద ఒక చాప గీసింది. ఆ తర్వాత మేడవాళ్లతోనూ కంట్రాక్టరుతోనూ రెండు నెలలు పోట్లాడి పిన్నిని మళ్లీ మా మనిషిని చేసుకుంది. ఈలోగా త్రియెత్ అట్ట మీద ఉన్నట్టే అరుగు కట్టించాడు. పిన్ని ఊరెళ్లలేదు.

అయితే మేడవాళ్ల నియమం మాత్రం అలాగే ఉంది. మిగతా ఆరుగురూ అట్టల మీదే. అరుగు మీదికొచ్చిన మొదటిరోజే పిన్ని, "నా ఒక్కదానికి చోటిచ్చి చేతులు దులుపుకుంటారా?" అని అందరి ముందూ హావో అక్కని నిలదీసింది. అప్పట్నించీ అరుగు చివర రోజూ రెండు చాపలు ఖాళీగా ఉంటాయి. ఆ ఆరుగురిలో ఇద్దరిద్దరు వంతులవారీగా వస్తారు. కాపలా అతను సరిగ్గా ఆ వేళకే కళ్లు మూసుకుంటాడు. ఆరుగురికీ ఆరు చాపలు కావాలని మేమిచ్చిన అర్జీకి మేడవాళ్లు ఇంకా జవాబివ్వలేదు.

ఈ మధ్యాహ్నం కూడా రెండు స్విచ్చులు ఆరాయి. పచ్చటి నీళ్లు నెమ్మదిగా గదిలోకి వచ్చాయి. పక్కన, ఒకప్పుడు నేను మాట్లాడటం మానేసిన ఆ అమ్మాయి అప్పుడే నోరు తెరుచుకుని నిద్రపోయింది. లువా పిన్ని వేలు మూడో స్విచ్చు మీద ఆగి ఉంది. గుమ్మంలో, ఎనిమిదో అంతస్తు ఊడ్చొచ్చిన బూడిదరంగు యూనిఫారం ఆవిడ వంగి చెప్పులు విప్పుకుంటోంది.

"నిదానంగా రా," అంది పిన్ని. "ఆర్పనులే."