కదలని మచ్చ

మా వీధి మలుపులో ఉండే ఫోటో స్టూడియో మామ మొన్న సోమవారం పొద్దున పోయారు. షట్టరు సగం ఎత్తి, అలసటగా ఉందని మెట్టు మీద కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట. కబురు వచ్చేసరికి నేను సింధనూరు బస్సులో ఉన్నాను. ఒళ్లో ఉన్న కెమెరాను రెండు చేతులా పట్టుకుని, తర్వాతి స్టాపులోనే దిగిపోయాను.

ఆయన నాకు చుట్టం కాదు. రాయచూరులో మా వీధి మొత్తానికి మామే. కరెంటు ప్లాంటు వచ్చిన కొత్తలో, గుర్తింపు కార్డుల కోసం వచ్చిన ఉద్యోగులను స్టూడియోలోని తెల్ల గోడ ముందు స్టూలు మీద కూర్చోబెట్టి తీశారు. వాళ్లే రిటైరయ్యేటప్పుడు కూడా వచ్చి అక్కడే కూర్చున్నారు. "గోడ మారలే, తలలే నెరిసినయ్" అనేవారు. ఇది చదివే మన ఊరివాళ్లలో చాలామంది ఆ స్టూలు మీద కూర్చునే ఉంటారు.

ఫిల్ము కాలంలో ఆయన నెగటివ్ మీద సన్న పెన్సిలుతో మొహాలు దిద్దేవారు. మొటిమ తీసేవారు గానీ, పెళ్లికూతురు ఎంత బతిమాలినా పుట్టుమచ్చ తీసేవారు కాదు. "వచ్చే ఏటికి పోయేది తీసెయ్. ఉండేదాన్ని ముట్టకు" అని నాకు కెమెరా పని నేర్పేటప్పుడూ చెప్పేవారు.

నేను కరపత్రాలు చదివి పెరిగినవాణ్ణి. నాకు కోపం ముందు వస్తుంది, ఆలోచన తర్వాత. మా కాలనీ వెనక ఒక బియ్యం మిల్లులో ఊక కాల్చే పొయ్యి గొట్టం నుంచి నల్లటి మసి రాలేది. ఆరేసిన బట్టల మీద, పిల్లల పళ్లేల్లో, అంతటా. ఫోటోలు తీసి జిల్లా ఆఫీసులో అర్జీ పెడతానని వీధంతా సంతకాలు చేయించాను.

తీసిన ఫోటోలను కంప్యూటర్లో చూస్తే ప్రతిదాంట్లో మచ్చలే. కెమెరా లోపలికి దుమ్ము పోయిందని, అది పనికిరాదని తేల్చేసుకుని స్టూడియోకి పరుగెత్తాను.

"ఈ కంపెనీనే ఖరాబ్, మామా! అంతా అమ్మేసి వేరే కంపెనీది కొంట."

"కొనుక్కో. కంపెనీ మారితే నీ వేళ్లు మళ్ల ఒకటో తరగతికి పోవాలె. నా అల్మారల ఉన్న లెన్సులు గూడ దానికి పట్టవు. కెమెరా బాడీ పాతగైందంటవా, గీ కంపెనీలనే కొత్తది తీస్కో. గని మొదలు రోగమేందో చూడు."

"నువ్వేమన్న కంపెనీ ఏజెంటువా? జనాన్ని గిట్లనే కట్టేస్తరు!"

"చాయ్ తాగి తిట్టురా. గొంతు ఎండుతది."

తాగకుండానే వచ్చేశాను. వారం రోజులు అటువైపు పోలేదు. ఆ వారమంతా కూర్చుని ఫోటోల్లోని మచ్చలన్నీ ఒక్కొక్కటే తుడిచేశాను.

అర్జీ ఇవ్వడానికి ముందురోజు ప్రింట్ల కోసం మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లక తప్పలేదు. మామ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఒక్కో ఫోటో నిదానంగా చూశారు.

"మస్తున్నయ్ రా. సబ్బు అమ్మనీకేనా?"

"అర్జీకి, మామా."

"మరి మసి ఏడ బోయింది?"

ఫోటోలు లాక్కుని చూశాను. దుప్పట్లు తెల్లగా మెరుస్తున్నాయి, ఆకాశం కడిగినట్టుంది. మిల్లు యజమాని తీయించుకున్నా అంత బాగా రావు.

ఆయన తిట్టలేదు. లెన్సు కన్నం బాగా చిన్నది చేయించి, తెల్ల గోడను మూడుసార్లు తీయమన్నారు. మూడింట్లోనూ ఎడమ పై మూలన ఒకే చోట ఒక మసక చుక్క. తర్వాత, నేను తుడవకముందు తీసిన ఫోటోలు తెరిపించారు. ఆ ఒక్క చుక్క తప్ప, మిగతావన్నీ ఫోటో ఫోటోకూ చోటు మారుతున్నాయి.

"కదలనిది కెమెరాది. కదిలేది గాలిది. నువ్వు గాలిదాన్ని తుడిస్తివి."

"వచ్చే ఏటికి పోయేది తీసెయ్యమంటివి గద, మామా. మరి మసి పోతదా, ఉంటదా?"

"అది నీ అర్జీని అడుగు."

సాయంత్రానికల్లా తుడవని ఫోటోలు ప్రింటు చేసిచ్చారు. ఆఫీసువాళ్లు వచ్చారు, గొట్టానికి జల్లెడ పెట్టించారు. మసి తగ్గింది గానీ ఆగలేదు. నేను మళ్లీ అరవబోతే, "తగ్గింది గూడ ఫోటో తియ్యి. లేకుంటే నీ మాట ఎవడు నమ్ముతడు?" అన్నారు.

ఏజెంటువా అన్నందుకు నేను ఏనాడూ క్షమించమని అడగలేదు. ఆ తర్వాత మాత్రం ఎప్పుడు వెళ్లినా చాయ్ తాగాకే తిట్టాను. ఆయనకు అర్థమైందనే అనుకుంటాను.

నా కెమెరాకు పట్టుకునేచోట రబ్బరు ఊడింది. బాడీ ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి. కంపెనీ మాత్రం మార్చను. ఈ వేళ్లను మళ్లీ ఒకటో తరగతికి పంపితే, పాఠం చెప్పే మనిషి లేడు.

ఆరోజు గోడను తీశాక, మామ తనే స్టూలు మీద కూర్చున్నారు. "ఇన్నేండ్లు అందర్ని ఈడ కూసోబెట్టిన. నన్నెవ్వడు తియ్యలే. తియ్యి." ఇప్పుడు దండ వేయడానికి ఇంట్లో ఉన్న మంచి ఫోటో అదొక్కటే. పెద్దది చేయించే ముందు అత్తకు చూపించాను.

"ఆ మీద చుక్కేంది నాయనా? సాఫ్ చెయ్యరాదా?"

"అది కెమెరాది, అత్తా."

అత్త కాసేపు చూసి, "పోయేదా, ఉండేదా?" అని అడిగింది.

"ఉండేదే."

"అయితే ముట్టకు."

స్టూడియోలో ఆ తెల్ల గోడకే ఫోటో తగిలించాం. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని మామ నవ్వుతున్నారు. ఆయన తలకు కాస్త పైన, ఎడమ పక్కన, ఒక మసక చుక్క.